1966 లే మాన్స్ ఫినిష్ ఫొటో: కెన్ మైల్స్‌ని మోసం చేశారా లేదా?

పాతకార్లపిచ్చి:
ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల కార్ల రేసు లే మాన్స్‌లో, వానలో మూడు ఫోర్డ్ జీటీ40 రేసు కార్లు కలిసి వచ్చే ఫొటో అందరూ చూసే ఉంటారు. నల్లది 2వ నంబరు, డ్రైవర్ మెక్‌లారెన్‌ది. లేత నీలం 1వ నంబరు మైల్స్‌ది, వెనక బంగారు రంగుది 5. నాకైతే ఆ ఫొటో చూసినప్పుడల్లా ఒళ్లు మండుద్ది. చివర్లో ముందున్నది మైల్సే, ఫోర్డ్ కంపెనీ వాళ్లు అందరూ కలిసి రండి ఫొటో బావుంటది అంటే పాపం స్లో చేశాడు, తీరా చూస్తే కప్పు పక్కోడికి. అదే ఏడు డేటోనా 24 గంటలు, సెబ్రింగ్ 12 గంటలు రెండూ కొట్టాడు, ఇదీ వచ్చుంటే మూడూ అయ్యేవి. ఇది మోసం కాదా?

గేర్‌బాక్స్:
ఫొటోలో నల్లకారు ముక్కే ముందుంది కదన్నా. ముందొచ్చినోడు గెలిచాడు, ఇందులో గోలేంటి

ఫిల్మ్‌రోల్:
గేర్‌బాక్స్ బ్రో, అదేమన్నా గుర్రప్పందాల ఫొటో ఫినిష్ అనుకున్నావా? అక్కడైతే కెమెరా సరిగ్గా గీత మీదే ఫిక్స్ చేసి ఉంటది, గీత దాటే ముక్కు మాత్రమే పడుద్ది. ఇది ప్రెస్ వాళ్లు తీసిన మామూలు ఫొటో, ఎదురుగా లాంగ్ లెన్స్‌తో తీస్తే ముందు వెనక అంతా అతుక్కుపోద్ది. అంతెందుకు, ఆ 5వ నంబరు కారు పక్కనే ఉన్నట్టుందా? అది 348 ల్యాప్‌లే (చుట్లే) తిరిగింది, మిగతా రెండూ 360. ల్యాప్ 13 కిలోమీటర్ల పైనే, అంటే ఫొటోలో వెనకే కనపడే ఆ కారు రేసు లెక్కలో 160 కిలోమీటర్లు వెనక ఉంది. ఇంక మొదటి రెండింటికీ తేడా ఆ ఫొటోలోంచి ఏం తేలుస్తావ్

పిట్‌లేన్‌బాబాయ్:
మీరు చూడాల్సింది ఆదివారం ఫినిష్ ఫొటో కాదు నాయనా, శనివారం సాయంత్రం 4 గంటల స్టార్ట్ ఫొటో. అప్పట్లో కార్లన్నీ పిట్స్ (రేసులో కార్లు ఆగి పెట్రోలు పోయించుకునే చోటు) పక్కన ఏటవాలుగా పెట్టి, డ్రైవర్లు రోడ్డుకి అడ్డంగా పరిగెత్తుకెళ్లి ఎక్కేవాళ్లు. ప్రాక్టీస్‌లో టైమ్ బాగా చేసినోడి కారు ముందుండేది. మైల్స్ కారు ముందు, మెక్‌లారెన్ కారు ఓ 20 మీటర్లు వెనక. లే మాన్స్‌లో లెక్క 24 గంటల్లో ఎవరు ఎక్కువ దూరం పోయారని, కాబట్టి ఇద్దరూ కలిసి గీత దాటితే వెనకనుంచి బయల్దేరినోడే ఎక్కువ తిరిగినట్టు. ప్రాక్టీస్‌లో స్పీడుగా పోవడమే మైల్స్ కొంప ముంచింది.

పాతకార్లపిచ్చి:
సరే బాబాయ్, రూల్ ఒప్పుకున్నా. స్లో చెయ్యమన్నది ఎవరు మరి? లియో బీబీ, ఫోర్డ్ రేసింగ్ మొత్తం చూసుకునే మనిషి. ఫెరారీ 1960 నుంచి 65 దాకా వరసగా ఆరేళ్లు గెలిచింది, దాన్ని కొట్టాం అని చూపించే ఫొటో వీళ్లకి కావాలి. రేసు ఫ్రాన్స్ వాళ్ల రూల్‌తో పోయినా, ముందున్నోణ్ని ఆపింది సొంత కంపెనీయే కదా. పైగా రెండు నెల్లు తిరక్కుండా ఆగస్టు 17న అమెరికాలో రివర్‌సైడ్ ట్రాక్‌లో కారు టెస్టింగ్ చేస్తూ మైల్స్ చనిపోయాడు, ఇంకో ఛాన్సే లేదు

గేర్‌బాక్స్:
అది బాధే అన్నా కాదన్ను. కానీ మెక్‌లారెన్, ఆ కారులో అతని జోడీ డ్రైవర్ ఏమన్ కూడా 24 గంటలు ఊరికే కూర్చోలేదు, వాళ్లూ అవే 360 తిరిగారు, మీరంతా వాళ్లని దొంగల్లా మాట్లాడుతున్నారు

ఫిల్మ్‌రోల్:
వాళ్లని ఎవరన్నారు బ్రో. బాబాయ్, ఆ స్టార్ట్ ఫొటో పెద్ద సైజుది ఉంటే పెట్టండి, 1కీ 2కీ మధ్య గ్యాప్ నా కళ్లతో నేను చూస్కోవాలి