ఇంకా తీరని శ్రమను సాక్ష్యంగా చెప్పవచ్చా?

గుంటూరు సోదరి:
ప్రభువు నామమున అందరికీ వందనాలు. వచ్చే నెల మా మందిరంలో జరిగే స్త్రీల కూడికలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు, అంటే దేవుడు నా జీవితంలో చేసినదాన్ని అందరి ముందు వినిపించమన్నారు. మూడేళ్ల క్రితం ఏడో నెలలో బిడ్డను పోగొట్టుకున్నాక నాకు నిద్ర కరవైంది, ప్రార్థన నిలిచిపోయింది, చివరకు బ్రతకాలన్న ఆశ కూడా సన్నగిల్లింది. మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లి మందులు మొదలుపెట్టాను. ఈనాటికీ రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటున్నాను. సంఘంలో ఒక పెద్దావిడ నా మేలు కోరే, మాత్రల సంగతి విడిచిపెట్టి, ప్రభువు నన్ను బాగుచేశాడని మాత్రమే చెప్పమన్నారు. లేకపోతే వినేవారి విశ్వాసం బలహీనపడుతుందని ఆవిడ భయం. సగం దాచి చెప్పడం నాకు అబద్ధమాడినట్టే అనిపిస్తోంది. మీరేమంటారు?

గోదావరి సంఘపెద్ద:
అమ్మా, నీ దుఃఖం చదివి కన్నీళ్లు వచ్చాయి. అయినా ఆ పెద్దావిడ మాటలో న్యాయముందని నేననుకుంటాను. 'ఆయన నాకొరకు చేసిన కార్యములను నేను వినిపించెదను' అన్నాడు బైబిల్లోని 66వ కీర్తన రాసినవాడు. సాక్ష్యమంటే దేవుడు చేసినదాన్ని వినిపించడమే గాని మన గాయాన్ని విప్పి చూపించడం కాదు. శ్రమ గురించి అరగంట, ప్రభువు గురించి రెండు నిమిషాలు మాట్లాడి దిగిపోయిన సాక్ష్యాలను నేనెన్నో విన్నాను. ఇంకొక సంగతి. ఇప్పుడు ప్రతి కూడికనూ యూట్యూబులో పెడుతున్నారు. మా సంఘ యువకుడొకడు తన తాగుడు గురించి యథార్థంగా ఒప్పుకున్నాడు. ఏడాది తరువాత అతనికి కుదిరిన సంబంధం ఆ వీడియో చూసినవారి వల్లనే తప్పిపోయింది. బైబిల్లోని యాకోబు పత్రిక 5:16లో పాపములను 'ఒకనితోనొకడు' ఒప్పుకొనుడి అని ఉంది గాని ఊరందరితో అని లేదు.

వరంగల్ విశ్వాసి:
అయ్యగారూ, వీడియో విషయంలో మీ మాట కాదనలేను. అయితే తీరిన శ్రమ మాత్రమే సాక్ష్యానికి తగినదంటే, బైబిల్లో అపొస్తలుడైన పౌలు రాసిన పత్రికల్లో కొన్ని భాగాలను మనం చదవకూడదు. శరీరంలోని ముల్లు అని తాను పిలిచిన బాధ తొలగిపోవాలని ఆయన మూడుసార్లు ప్రభువును వేడుకున్నాడు. అది తొలగిపోయినట్టు ఎక్కడా రాయలేదు. 'నా కృప నీకు చాలును' అన్న జవాబునే సంఘానికి వినిపించాడు. తన తోటి పనివాడైన త్రోఫిము రోగియై ఉండగా మిలేతు పట్టణంలో విడిచివచ్చానని శిష్యుడైన తిమోతికి దాపరికం లేకుండా రాశాడు. 88వ కీర్తనైతే చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, అయినా దాన్ని ఎవరూ వాక్యంలో నుంచి తీసివేయలేదు.

మా నాన్నగారు పక్షవాతంతో పదకొండేళ్లు మంచంలో ఉన్నారు. ప్రతి ఉపవాస కూడికలోనూ స్వస్థత పొందినవారే లేచి మాట్లాడేవారు. మా అమ్మ వెనుక వరుసలో కూర్చుని, తన ప్రార్థనలోనే ఏదో లోపముందని నమ్ముతూ ఇంటికి వచ్చేది. లేవలేని భర్తను రోజూ కడిగి, తినిపించి, ఆ మంచం పక్కనే ఆదివార వాక్యం చదివిన ఆ స్త్రీని ఒక్కసారైనా సాక్ష్యం చెప్పమని ఎవరూ పిలవలేదు. ఇది నాకు నేటికీ బాధగానే ఉంది.

హైదరాబాద్ నర్సు:
మాత్రల విషయం దాచవద్దని నేను గట్టిగా చెబుతాను. ప్రార్థనతోనే నయమైందన్న సాక్ష్యం విని, ఎవరికీ చెప్పకుండా తమ మందులు ఒక్కసారిగా మానేసి, తల తిరుగుడు, నిద్రలేమితో, కొన్నిసార్లు పాత జబ్బు తిరగబెట్టి ఆసుపత్రికి వచ్చినవారిని చూశాను. పౌలే లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచినప్పుడు, వైద్యుడిచ్చిన మాత్రను దేవుని కార్యంలో లెక్కించడానికి మనకెందుకు సంకోచం?

సోదరీ, మీ భర్త సంగతులు, అత్తగారింటి సంగతులు మాత్రం వారి అనుమతి లేకుండా చెప్పకండి. మన కథలో వారి కథ కూడా కలిసి ఉంటుంది. ఒకచోట ప్రార్థన మనవి పేరుతో ఒక విశ్వాసి జబ్బును అందరి ముందు చదివేశారు. ఆ కుటుంబం మళ్లీ ఆ మందిరం గడప తొక్కలేదు. నమ్మకంతో చెప్పుకున్న హెచ్.ఐ.వి. సంగతిని ఆ వ్యక్తి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టమే నిషేధించింది.

గోదావరి సంఘపెద్ద:
మందులు మానేసేవారి గురించి నేను ఆలోచించలేదు. ఆ విషయంలో నా అభిప్రాయం మార్చుకుంటున్నాను. కెమెరా మాట మాత్రం వెనక్కి తీసుకోను. పౌలు కూడా ముల్లు ఉందన్నాడు గాని అదేమిటో చెప్పలేదు. ఎంతవరకు చెప్పాలో ఆయనకు తెలుసు. చనిపోవాలనిపించిన రోజుల వివరాలు, అదే స్థితిలో ఉన్న మరొక బిడ్డ వింటుందేమోనని తలంచి, క్లుప్తంగా దాటవేయమ్మా.

గుంటూరు సోదరి:
మీ అందరి మాటలూ నా భర్తకు చదివి వినిపించాను. బిడ్డ విషయం చెప్పడానికి ఆయన ఒప్పుకున్నారు. తాను ఆ రోజుల్లో మందిరానికి రాకపోవడాన్ని మాత్రం చెప్పవద్దన్నారు, చెప్పను. మాత్ర ఇంకా వేసుకుంటున్నానని చెబుతాను. కూడిక నడిపే అమ్మగారిని అడిగితే, నేను మాట్లాడేంతసేపు ప్రసారం ఆపిస్తానన్నారు. 88వ కీర్తన చదివిన తరువాతే సాక్ష్యం మొదలుపెట్టాలని అనుకుంటున్నాను. ఆ రోజు నా కోసం ప్రార్థించండి.