అప్‌డేట్: చెరువు కట్ట కింద ఊట

తూము (చెరువు నీరు వదిలే ద్వారం) పక్కన కట్ట దిగువన నీరు ఊరుతోంది, ప్రమాదమా అని పోయిన వారం అడిగాను. ఊట తేటగా ఉందో, బురదగా ఉందో చూడమన్నారు ఒకరు. గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున సన్నటి మట్టి పేరుకుంది. అంటే కట్ట లోపలి మట్టే కొట్టుకొస్తోంది! ఆ సీసానే నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారి ముందు పెట్టాను. మర్నాడే వచ్చారు. తూము ఎత్తించి నీటిమట్టం నిదానంగా తగ్గించారు. ఊట మీద ఇసుక, ఆపైన కంకర, రాళ్లు పరిపించారు. నీరు పోతుంది, మట్టి ఆగుతుంది. ఇప్పుడు తేటగానే వస్తోంది.

చెరువు నిండితే అదనపు నీరు పొర్లిపోయే అలుగుకి అడ్డంగా చేపల కోసం కట్టిన వలలూ తీయించాం, కాస్త గొడవైనా సరే. 2021 నవంబరు 19న చెయ్యేరు నది మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి ఊళ్లు మునిగాయి. అది తలుచుకుంటే నాకిప్పటికీ నిద్రపట్టదు. సలహా ఇచ్చినవారికి మా ఊరి తరఫున దండాలు.