తాబేలు కోసం వల కోస్తే పరిహారం: మన తీరంలో ఎలా నడపాలి?

ఆలివ్ రిడ్లీ సముద్రపు తాబేళ్లు నెల్లూరు, ప్రకాశం తీరంలో గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి–మార్చి మధ్య. వేట నిషేధం మాత్రం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. కాబట్టి అసలు గండం నిషేధానికి ముందే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం భయంతో వలలో పడ్డ తాబేలు సంగతి ఎవరూ బయటపెట్టరు. మహారాష్ట్ర 2018 నుంచి, వల కోసి వదిలిన మత్స్యకారులకు రూ.25,000 వరకు ఇస్తోంది.

ఆ పద్ధతి ఇక్కడ పెడితే మొదటి చిక్కు రుజువు. చీకట్లో, ఊగే ఫైబర్ పడవలో తాబేలు, కోత, పడవ నంబరు మూడూ ఒకే వీడియోలోకి రావాలి. వీడియో అక్కర్లేదంటే పాత చిరుగులన్నీ తాబేలు ఖాతాలోకే (ఆశ ఎవరికుండదు?). రెండోది ఆలస్యం. వల లేకపోతే మర్నాడు వేట లేదు. నెలల తర్వాత వచ్చే సొమ్ము కోసం ఎవరూ కత్తి తీయరు.

ట్రాలర్ల లెక్క వేరు, వాటికి టెడ్ (వలలోంచి తాబేలు బయటపడే దారి ఉన్న పరికరం) ఉంది. రొయ్య జారిపోతుందని దాని నోరు కుట్టేస్తారనుకోండి.

డబ్బుకు బదులు, తెగినంత వలముక్కను అదే రోజు ఊళ్లోనే ఇచ్చే పద్ధతి ఎవరైనా నడిపారా? తనిఖీ కాపులకు (మత్స్యకారుల ఊరి పెద్దలకు) అప్పగించి దురాయి (ఊరి కట్టుబాటు) పెడితే నిలుస్తుందా? వలముక్కల నిల్వకు డబ్బు మత్స్యశాఖ పెట్టాలా, అటవీశాఖా? చేసి చూసినవాళ్లు చెప్పండి.