మా బడికి ముప్పై ఏళ్లు సేవ చేసినవారిని ఏ విధంగా స్మరించుకోవాలి?

ప్రశ్న – పూర్వ విద్యార్థి, రేపల్లె ప్రాంతం

అందరికీ నమస్కారం. మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 1986లో పదో తరగతి పూర్తి చేసిన మేము, నలభై ఏళ్లు నిండిన సందర్భంగా సంక్రాంతి సెలవుల్లో బడి ఆవరణలోనే కలుసుకోవాలని నిర్ణయించుకున్నాము. ఆ రోజున, బడిలో చాలాకాలం పనిచేసినవారిని స్మరించుకోవాలన్న విషయంలో మాలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. ఎవరిని, ఎలా అన్న దగ్గరే చర్చ ముందుకు సాగడం లేదు.

ప్రధానోపాధ్యాయుల గదిలో ఒక నల్లని చెక్క పలక ఉంది. ఇంతవరకు పనిచేసిన ప్రధానోపాధ్యాయుల పేర్లు, వారు చేరిన తేదీలు, బదిలీ అయిన తేదీలు దాని మీద తెల్లరంగుతో వరుసగా రాసి ఉన్నాయి. ఆ పేర్లనే చలువరాతి మీద చెక్కించి ముఖద్వారం పక్కన నిలబెడదామని ఎక్కువమంది మిత్రులు అంటున్నారు. అది తప్పని నేను అనను. అయితే ఆ పలక మీద ఉన్నవారిలో చాలామంది మా బడిలో రెండు మూడేళ్లకు మించి లేరు. ముప్పై ఒక్క ఏళ్లు ఉన్నది మా అటెండరు గారు. ఆయన పేరు బడిలో ఎక్కడా లేదు. మేమంతా ఆయనను ‘తాతా’ అనే పిలిచేవాళ్లం కాబట్టి, పూర్తి పేరు మాలో సగంమందికి తెలియదన్న సంగతి ఈ చర్చలోనే బయటపడింది.

మా బడి గంట అంటే వేపకొమ్మకు ఇనుప తీగతో వేలాడగట్టిన రైలు పట్టా ముక్క, దాన్ని కొట్టడానికి మూరెడు ఇనుప కడ్డీ. ఉదయం రెండో గంట కొట్టేటప్పుడు తాత ఎప్పుడూ రోడ్డు వైపు తిరిగి నిలబడేవారు. కాలువ గట్టు మీద పుస్తకాల సంచులతో పరుగెత్తుకొస్తున్న పిల్లలు కనబడితే, చివరి నాలుగైదు దెబ్బలను కాస్త ఎడం ఇచ్చి కొట్టేవారు. మూడు మైళ్లు నడిచి వచ్చే నాలాంటివాళ్లు ఎందరో, ఆ ఎడంలోనే గేటు దాటి ప్రార్థన వరుసలో నిలబడగలిగారు. ఆయన కాలం చేసి ఎనిమిదేళ్లయింది.

ఇలాంటివారి కోసం మీ బడుల్లో ఏమైనా చేశారా? చేసినది నిలిచిందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1 – విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, ఏలూరు

తమ్ముడూ, మీ ప్రశ్న చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నా పేరు కూడా మూడు ఊళ్లలో అలాంటి చెక్క పలకల మీద ఉంది. నేను ఎక్కడా అయిదేళ్లు దాటి లేను. మన రాష్ట్రంలో బదిలీల నిబంధనే అలాంటిది. ఒకే బడిలో ప్రధానోపాధ్యాయులకు అయిదేళ్లు, ఉపాధ్యాయులకు ఎనిమిదేళ్లు నిండితే కౌన్సెలింగ్‌లో స్థానం మారక తప్పదు. అందువల్ల ప్రభుత్వ బడిలో ‘దీర్ఘకాలం’ అన్న మాట చాలావరకు అటెండరుకు, రాత్రి కాపలాదారుకు, గదులు ఊడ్చి నీళ్లు మోసిన ఆయాకు వర్తిస్తుంది. పలకేమో హోదాను బట్టి పేర్లను ఎంచుకుంటుంది.

పేర్ల కోసం జ్ఞాపకాల మీద మాత్రమే ఆధారపడకండి. ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని బీరువాలోని పాత జీతాల పట్టీలు, సిబ్బంది హాజరు పట్టీలు చూడండి. ఏ నెలలో ఎవరు సంతకం చేశారో, ఎవరు వేలిముద్ర వేశారో అందులో ఉంటుంది. కంటింజెంట్ నిధుల (బడి చిల్లర ఖర్చులకు ఇచ్చే డబ్బు) నుంచి నెలకు ఇంతని తీసుకుంటూ పనిచేసిన పార్ట్‌టైం స్వీపర్లకు సర్వీసు రిజిస్టరు ఉండదు. వారి జాడ వోచర్లలో దొరికితే దొరికినట్లు, లేకపోతే ఊళ్లోని పెద్దవాళ్లను అడగవలసిందే. మరొక సంగతి కూడా గుర్తుంచుకోండి. 1983 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఉద్యోగ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు, అప్పటికే 55 దాటినవారందరూ ఆ నెలాఖరుకే ఉద్యోగాల నుంచి దిగిపోవలసి వచ్చింది. మీరు అప్పుడు ఏడో తరగతిలో ఉండి ఉంటారు. మా బడిలో ముగ్గురు ఆ విధంగా ఒకే రోజున వెళ్లిపోయారు. వీడ్కోలు సభకు వ్యవధి కూడా లేకపోయింది. మీ బడిలో ఆ నెల పట్టీని ప్రత్యేకంగా చూడండి. వీడ్కోలు దక్కనివారి పేర్లు అక్కడ ఉండవచ్చు.

ఇంకొక మాట. గిడుగు రామమూర్తి గారి జన్మదినమైన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరి, ముప్పై ఏళ్లు అదే ఊళ్లో పాఠాలు చెప్పారనీ, ఆ ఉద్యోగంలో ఉంటూనే సవర భాష నేర్చుకుని సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారనీ ఎంతమంది పిల్లలకు చెబుతున్నాము? ఒకే చోట ఉండిపోవడం వల్ల మాత్రమే సాధ్యమయ్యే పనులు కొన్ని ఉంటాయి. మీ ఫలకం మీద పేర్లు చెక్కిస్తే హోదా ప్రకారం కాకుండా, బడిలో చేరిన సంవత్సరం ప్రకారం చెక్కించండి. ప్రతి పేరు పక్కన ఎన్నేళ్లు పనిచేశారో ఆ అంకె వేయించండి.

సమాధానం 2 – పూర్వ విద్యార్థి, కృష్ణా జిల్లా

మాది ఎయిడెడ్ ఉన్నత పాఠశాల, అంటే ప్రభుత్వ గ్రాంటుతో ప్రైవేటు యాజమాన్యం నడిపే బడి. అక్కడ బదిలీలు ఉండవు కాబట్టి, మా తెలుగు పండితులు గారు చేరిన గదిలోనే ముప్పై నాలుగేళ్ల తరువాత విరమణ చేశారు. వారి పేరిట 1996లో మేము పదివేల రూపాయలు బ్యాంకులో డిపాజిట్ చేసి, పదో తరగతి తెలుగులో ప్రథమ స్థానం పొందినవారికి ఏటా బహుమతి ఏర్పాటు చేశాము. అప్పట్లో వడ్డీ పన్నెండు శాతం. ఏడాదికి 1200 రూపాయలు వచ్చేవి, వెండి పతకం, రెండు మంచి పుస్తకాలు ఇచ్చేవారు. వడ్డీ రేటు సగానికి పడిపోయాక పతకం పోయి స్టీలు పళ్లెం వచ్చింది. ఆ తరువాత డిపాజిట్ మీద సంతకం ఉన్నవారు మారిపోవడంతో అదీ ఆగిపోయింది. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వ బడుల్లోకి తీసుకున్నప్పుడు మా ఉపాధ్యాయులు తలొక ఊరికి వెళ్లారు. ఆ బహుమతి ఎవరి పేరిట పుట్టిందో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు ఆ బడిలో ఒక్కరూ లేరు.

డబ్బు తగ్గడం కంటే నాకు ఎక్కువ బాధ కలిగించినది ఇది. బహుమతి అందుకున్న పాతికమంది పిల్లల్లో ఒక్కరికైనా పండితులు గారు ఎలా పాఠం చెప్పేవారో మేము రాసి ఇవ్వలేదు. పోతన పద్యం చెప్పేటప్పుడు ఆయన పుస్తకం మూసేసి, మమ్మల్ని కూడా మూయమని, ముందు రెండుసార్లు చెవితో విననిచ్చేవారు. అర్థం మరునాడు చెప్పేవారు. మీరు బహుమతి పెడితే, ఆ వ్యక్తి చేసిన పనిని ఒక పేజీలో రాసి, బహుమతితో పాటు ఏటా ఆ పేజీ కూడా పిల్లల చేతికి వెళ్లేటట్లు చూడండి.

సమాధానం 3 – కరీంనగర్ జిల్లా

మా అమ్మ మా ఊరి ప్రాథమిక పాఠశాలలో వంట చేస్తుంది. 2003 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో వండిన మధ్యాహ్న భోజనం మొదలైన నాటి నుంచి ఆ పొయ్యి దగ్గర ఉన్నది ఆమే. 2009 చివరి నుంచి ఎన్నో ఏళ్లపాటు నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనం, అదీ ఏడాదికి పది నెలలే. ఏ పిల్లవాడు గుడ్డు తినడో, ఏ పిల్ల సోమవారం నాడు మాత్రమే రెండోసారి అన్నం అడుగుతుందో అమ్మకు తెలుసు. ఆదివారం ఇంట్లో పొయ్యి సరిగా వెలగని పిల్లలు సోమవారం ఎక్కువ తింటారట. ఆ విషయం హాజరు పట్టీలో కనబడదు.

ఒకసారి పూర్వ విద్యార్థుల సభకు అమ్మను పిలిచి, వేదిక మీద శాలువా కప్పి, ఫోటో తీసి, నిమిషంలో కిందికి పంపించారు. వారి మనసు మంచిదే. అయినా మీరు అలా చేయవద్దని నా మనవి. కుర్చీ వేసి కూర్చోబెట్టి, వారిని మాట్లాడనివ్వండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. బతికి ఉన్నవారి దగ్గరకు ముందు వెళ్లండి, ఫలకం తరువాత చెక్కించుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారి నుంచి, మూడు వారాల తరువాత

ఏలూరు అమ్మగారికి, మిగిలిన ఇద్దరికీ నా నమస్కారాలు. మీరు చెప్పినట్లే ముందు పట్టీలు చూశాము. ఇంతవరకు ఇరవై మూడు పేర్లు తేలాయి. అందులో తొమ్మిది చెక్క పలక మీద లేనివి. చేరిన సంవత్సరం ప్రకారమే చెక్కించాలని అందరూ ఒప్పుకున్నారు. సాయంత్రం పూట పెట్రోమాక్స్ దీపం పెట్టి మాకు లెక్కలు చెప్పిన మాస్టారు ఇప్పుడు కుమారుడి దగ్గర గుంటూరులో ఉన్నారు. వచ్చే ఆదివారం ఆయన మాటలు రికార్డు చేయబోతున్నాము.

మొన్న తాతగారి అమ్మాయి ఇంటికి వెళ్లాము. 1990 మే 9న పెద్ద తుపాను తీరం దాటిన రోజు సంగతి ఆమె చెప్పింది. వేసవి సెలవులు కావడంతో బడిలో ఎవరూ లేరట. పెంకులు ఎగిరిపోయి ప్రధానోపాధ్యాయుల గదిలోకి వాన పడుతుంటే, తాత వెళ్లి అడ్మిషన్ రిజిస్టర్లను గోనె సంచుల్లో చుట్టి, నెత్తిన పెట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో ఇంటికి తెచ్చి, ఇంట్లో ధాన్యపు గాదె మీద పెట్టారట. తరువాత పది రోజులు ఆమె, వాళ్లమ్మ కలిసి ఆ పేజీల మధ్య పాత పంచెల గుడ్డలు పెట్టి ఆరబెట్టారట. మన పుట్టినతేదీకి మూలాధారం ఆ రిజిస్టరే. ఉద్యోగానికైనా, పింఛనుకైనా చివరికి దాని దగ్గరకే రావాలి.

2012లో స్టడీ సర్టిఫికెట్ కోసం నేను బడికి వెళ్లినప్పుడు, నా పేరున్న పేజీ అంచున గోధుమరంగు నీటి మరక చూశాను. అప్పటికి తాత బతికే ఉన్నారు. ఆ మరక ఏమిటని ఎవరినీ అడగలేదు. ఆయన పేరు పక్కన అంకెతో పాటు ఈ ఒక్క సంగతిని కూడా రెండు పంక్తులలో చెక్కించాలని అడిగాను, మిత్రులు సరేనన్నారు. 1970 ప్రాంతంలో బావి నుంచి బడికి నీళ్లు మోసిన ఇద్దరు ఆడవాళ్ల పేర్లు మాత్రం ఇంకా దొరకలేదు. ఆ రోజుల్లో మా ఊళ్లో చదువుకున్నవారెవరైనా ఇది చదివితే దయచేసి తెలియజేయండి. ఫలకం పని సంక్రాంతికి నెల ముందు మొదలవుతుంది.