ముసలి ఆడకుక్కకు చన్ను దగ్గర గడ్డ: ఆపరేషన్, ఆ తర్వాతి జాగ్రత్తలు

ప్రశ్న (హన్మకొండ నుంచి)

భద్రకాళి చెరువు కట్ట దగ్గర దిక్కులేక తిరుగుతున్న ఒక ఆడకుక్కను కిందటి వానాకాలంలో ఇంటికి తెచ్చుకున్నాము. పళ్లు అరిగిన తీరును బట్టి దాని వయసు తొమ్మిది, పదేళ్లు ఉండవచ్చని డాక్టరు గారు అన్నారు. చాలా ఈతలు ఈనిన కుక్క అది. ఇటీవల స్నానం చేయిస్తుండగా వెనుక కాళ్ల నడుమ, చివరి చన్ను పక్కన, నిమ్మకాయంత గట్టి గడ్డ చేతికి తగిలింది. ఆపరేషన్ చేసి తీసేయాలని చెప్పి, ముందుగా రక్త పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే రాశారు. మా అత్తమ్మ మాత్రం "గింత ముసలిదాన్ని కోయించుడెందుకు, ఉన్నన్ని దినాలు కడుపు నిండ తిననియ్యిండ్రి" అంటున్నారు. ఆ మాట ప్రేమతో అన్నదే కాబట్టి తోసిపుచ్చలేకపోతున్నాను. గడ్డ చన్ను దగ్గర ఉంటే ఛాతీకి ఎక్స్‌రే ఎందుకు? ఈ వయసులో మత్తుకు తట్టుకుంటుందా?

జవాబు (కరీంనగర్ నుంచి, పశువైద్యుడు)

ఎక్స్‌రే తప్పకుండా తీయించండి. ఈ గడ్డ క్యాన్సరే అయితే అది ఎక్కువగా ఊపిరితిత్తులకు పాకుతుంది కాబట్టి, కుడి పక్కకు, ఎడమ పక్కకు, వెల్లకిలా పడుకోబెట్టి మూడు విధాలుగా తీస్తేనే చిన్న మచ్చలు కూడా కంటపడతాయి; అక్కడ మచ్చలు కనిపిస్తే ఆపరేషన్ వల్ల వ్యాధి నయం కాదు, అప్పుడు నిర్ణయం వేరుగా ఉంటుంది. కుక్కల్లో చన్నుల దగ్గర వచ్చే గడ్డల్లో దాదాపు సగం ప్రమాదం లేనివే, కానీ చేత్తో తడిమి ఆ తేడా చెప్పడం ఎవరి వల్లా కాదు. 3 సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడే తీస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది కనుక ఆలస్యం చేయకండి. వయసు ఒక్కటే మత్తుకు అడ్డంకి కాదు. గుండె, మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయన్నదే ముఖ్యం. మొదటిసారి ఎదకు రాకముందే గర్భసంచి, అండాశయాలు తీయించిన కుక్కల్లో ఈ గడ్డలు చాలా అరుదు. ఇప్పుడు వాటిని తీయించినా ఈ గడ్డ విషయంలో అంత లాభం ఉండకపోవచ్చు గానీ, ముసలి ఆడకుక్కల ప్రాణం తీసే గర్భసంచి చీము బాధ తప్పుతుంది. తీసిన గడ్డను పారేయనివ్వకుండా కుళ్లిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేయించి బయాప్సీకి, అంటే అది క్యాన్సరా కాదా అని తేల్చే పరీక్షకు, పంపండి. మామునూరు పశువైద్య కళాశాల మీకు దగ్గరే కాబట్టి అక్కడ అడగవచ్చు.

జవాబు (జనగామ నుంచి)

మా కుక్కకు ఇదే ఆపరేషన్ అయింది కాబట్టి ఇంటి దగ్గరి సంగతులు చెబుతాను. మత్తు దిగేదాకా ఒళ్లు చల్లబడుతుంది, దుప్పటి కప్పి గాలి తగలని చోట పడుకోబెట్టండి. ఆ రాత్రి పలుచని అన్నం కొద్దిగా పెడితే చాలు. గాయం నాకకుండా మెడకు గరాటులా కట్టిన కోన్‌ను జాలిపడి విప్పవద్దు, ఒక్కసారి నాకినా కుట్లు ఊడిపోవచ్చు. కుట్లు 10 నుంచి 14 రోజులకు విప్పుతారు, ఈలోగా మెట్లెక్కనివ్వకండి. గాయం కింద మెత్తగా నీరు చేరడం మామూలే అయినా డాక్టరుకు చూపించండి; వాసన, చీము, ఆగని నెత్తురు కనిపిస్తే అదే పూట తీసుకెళ్లండి. పసుపు పూయవద్దు. నొప్పికి మనం వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కల కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి కాబట్టి, డాక్టరు రాసిన మందు తప్ప వేరేది వేయకండి.

ప్రశ్న అడిగినవారు

ఎక్స్‌రేలో మచ్చలు లేవు, ఆపరేషన్ అయింది, కుట్లు కూడా విప్పారు. బయాప్సీలో క్యాన్సర్ అనే వచ్చింది, కానీ తక్కువ తీవ్రత గలదని, కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని రాశారు. మూడు నెలలకోసారి ఎక్స్‌రే తీయించమన్నారు. నెలకోసారి మిగతా చన్నులను, గజ్జల్లో, చంకల్లో బిళ్లలు కట్టాయేమోనని తడిమి చూడడం మా అత్తమ్మే నేర్చుకున్నారు.