ఐరిస్, ఫేడవుట్: ఘనత గ్రిఫిత్‌దా, బిల్లీ బిట్జర్‌దా?

పాతరీలు:
1913లో బయోగ్రాఫ్ సినిమా కంపెనీ వదిలాక అమెరికన్ దర్శకుడు గ్రిఫిత్ న్యూయార్క్ డ్రమాటిక్ మిర్రర్ పత్రికలో ఓ ప్రకటన వేయించుకున్నాడు. క్లోజప్, ఫేడవుట్ (బొమ్మ మెల్లగా చీకటైపోవడం), దూరపు షాట్లు అన్నీ తన ఖాతాలోనే. ఆ పనులు చేసిన చెయ్యి మాత్రం ఆయన కెమెరామన్ బిట్జర్‌ది. ఘనతా బిట్జర్‌దే అంటాను.

తెరచాటు:
ఇద్దరిదీ కాదండీ. 1900లోనే ఇంగ్లండ్‌లో జి.ఎ. స్మిత్ ఒక బామ్మ కంటిని తెర నిండా, అదీ గుండ్రటి మాస్క్‌లోంచి చూపించాడు. ఫ్రాన్స్‌లో మెలియెస్ డిజాల్వులు (ఒక బొమ్మ మసకబారుతుంటే ఇంకోటి తేలడం) అంతకు ముందువే. ఫేడ్ చేయకుండా డిజాల్వ్ ఎలా వస్తుంది?

క్రాంకుచుట్టు:
ముందు ఎవరు చేశారన్నది ఒకటి, కథలో రోజూ వాడుకునేలా నిలబెట్టడం ఇంకొకటి. పని ఎలా ఉండేదో చూడండి. ఒక చేత్తో క్రాంకు (కెమెరా తిప్పే పిడి) సెకనుకు రెండు చుట్లు, చుట్టుకు 8 ఫ్రేములు. రెండో చేత్తో లెన్స్ డయాఫ్రమ్ (వెలుగు వచ్చే కంతను చిన్నది చేసే రేకులు) మూయాలి. అదేమో పూర్తిగా మూసుకోదు. ఎండలో బొమ్మ నల్లబడదు సరికదా, వెనకున్న గోడ ఇంకా స్పష్టమవుతుంది. అందుకే లెన్స్ ముందు విడిగా పెద్ద ఐరిస్, అంటే గుండ్రంగా మూసుకుంటూ వచ్చే మూత. ధ్యాస దానిమీదికి పోయి క్రాంకు నెమ్మదించిందా, ఒక్కో ఫ్రేముకు వెలుగు ఎక్కువ పడి, చీకటి కావాల్సిన చోట బొమ్మ మళ్లీ తేలుతుంది. ఈ తిప్పలు దర్శకుడి కుర్చీలోంచి తెలియవు.

పాతరీలు:
అదే నేనూ అనేది! గ్రిఫిత్ 1908లో వచ్చేసరికే బిట్జర్ పన్నెండేళ్ల ముదురు. 1896లో అమెరికా అధ్యక్ష అభ్యర్థి మెకిన్లీని తీశాడు. 1905లో న్యూయార్క్ సబ్‌వేలో పక్క పట్టాల మీద దీపాల బండి నడిపించి, 14వ వీధి నుంచి 42వ వీధి దాకా ముందు రైలును వెంబడించాడు.

తెరచాటు:
సబ్‌వే సరే, అందులో కథేదీ? 1919లో నటి లిలియన్ గిష్ మసక క్లోజప్‌లకు గ్రిఫిత్ ఫొటోగ్రాఫర్ హెండ్రిక్ సార్టోవ్‌ను తెచ్చుకున్నాడు. కావాల్సిందేమిటో అడిగింది గ్రిఫితే కదా.

క్రాంకుచుట్టు:
అడగడం ఆయన వంతు, సాధించడం కెమెరా వాళ్ల వంతు. నా ఓటు ఐరిస్ మట్టుకు బిట్జర్‌కే. పోల్చి చూసేవాళ్లకు ఒక మాట: లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పేపర్ ప్రింట్ల (కాపీరైటు కోసం కాగితం మీద అచ్చేసి ఇచ్చిన సినిమాల) నుంచి 16 ఎం.ఎం.కి ఎక్కించిన కాపీల్లో మూలల నలుపు చూసి తీర్పివ్వకండి. కాగితం మీంచి తిరిగి తీసినప్పుడు నీడల్లో వివరం పోతుంది. దొరికితే నెగెటివ్ నుంచి తీసిన 35 ఎం.ఎం. ప్రింటే చూడండి.