అనంతపురంలో మూతపడ్డ కాయల మిల్లు ఉంది. కళాకారులకు చోటుగా మార్చాలంటే ముందు ఏం చేయాలి?

అడిగినవారు: డ్రాయింగ్ టీచర్, అనంతపురం

మా నాన్న నడిపిన వేరుశనగ కాయల మిల్లు మూతపడి 11 ఏళ్లయింది. రేకుల షెడ్డు, ముందు పెద్ద వాకిలి, అందులో ఒక వేపచెట్టు. యంత్రాలు ఎప్పుడో అమ్మేశాం, గోడ పక్కన కాటా ఒక్కటే మిగిలింది. తలుపు తీస్తే ఇప్పటికీ కాయల పొట్టు వాసన వస్తుంది. గోడౌనుగా అద్దెకిస్తే నెలనెలా డబ్బు చేతికొస్తుందని ఇంట్లో అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

ఆదివారాలు 14 మంది పిల్లలు అక్కడ నా దగ్గర బొమ్మలు నేర్చుకుంటారు. పోయిన నెల ఉరుములనే పెద్ద డోళ్లు వాయించే బృందం ఒకటి వచ్చి, సాయంత్రాలు సాధన చేసుకుంటామని అడిగింది. వీధిలో వాయిస్తే ఇరుగుపొరుగు ఒప్పుకోవడం లేదట. ఆ రోజు వాళ్లు మొదలుపెట్టగానే పిల్లలు కుంచెలు వదిలేసి చుట్టూ చేరారు. ఒక పాప వెళ్లి ఉరుము మీద అరచేయి ఆనించి, కాసేపు అలాగే నిలబడింది. తిరిగి వచ్చి కాగితం నిండా వంకర గీతలు గీసి, ‘టీచర్, ఇది ఆ అదురు’ అంది. అప్పటి నుంచి నాకు ఇదే ధ్యాస.

హైదరాబాద్‌లో లామకాన్ చూశాను. 2010లో బంజారాహిల్స్‌లో ఒక ఫొటోగ్రాఫర్ ఇంటిని కళలకు చోటుగా తెరిచారు. నాటకం, చర్చ, సంగీతం, పక్కనే చాయ్, సమోసా. మన ఊళ్లో అలాంటిది నిలుస్తుందా? నా దగ్గర 2 లక్షలు ఉన్నాయి. వేదిక కట్టించాలా, కుర్చీలు కొనాలా?

జవాబు: హార్మోనిస్టు, కర్నూలు

అమ్మా, వేదిక కట్టించకండి. 30 ఏళ్లుగా పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను, ఆ చనువుతో చెబుతున్నాను. ప్రదర్శనకు మాకు టి.జి.వి. కళాక్షేత్రం ఉంది, మీకు లలిత కళా పరిషత్తు ఉంది. మనకు లేనిది రిహార్సల్‌కు చోటు.

ఒక్క రాత్రి నాటకానికి నెలన్నర రిహార్సల్ పడుతుంది. ఆ నెలన్నరా డాబాల మీద, బడి వరండాల్లో, ఒక ఏడాది బియ్యం బస్తాల మధ్య గడిపాం. రాత్రి 10 కాగానే కాపలాదారు తాళాల గుత్తి పట్టుకుని వచ్చి నిలబడతాడు. పద్యం మూడో పాదంలో ఉండగా పెట్టె మూసేసి లేచిన రోజులున్నాయి.

కుర్రవాళ్లకు విద్య అబ్బేది కూడా ఆ రిహార్సల్‌లోనే. మా దగ్గరికి టీ తెచ్చే కుర్రవాడు ఒకడు రోజూ గుమ్మం దగ్గర కూర్చుని వినేవాడు. ఒకనాడు కృష్ణ పాత్రధారి రాలేదు. ఆ కుర్రవాడు నాలుగున్నర శ్రుతిలో, అంత హెచ్చు స్థాయిలో, పద్యం ఎత్తుకున్నాడు. రాగం చివర కొంచెం జారింది గానీ గొంతు నిలబడింది. ఈ రోజు ఆ పాత్ర అతనిదే. ప్రదర్శనకు టికెట్టు కొని వచ్చి కూర్చుంటే అతనికి ఇది పట్టుబడేది కాదు.

కాబట్టి రెండు ఫ్యాన్లు, తాగునీళ్లు, ఆడవాళ్లకు శుభ్రమైన బాత్‌రూమ్. అన్నిటికన్నా ముందు ఆ బాత్‌రూమ్ కట్టించండి. పొరుగూళ్ల నుంచి వచ్చే నటీమణులు మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్లు తాగకుండా కూర్చోవడం కళ్లారా చూశాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

జవాబు: విశ్రాంత తెలుగు పండితుడు, కడప

హార్మోనిస్టు గారి మాట అక్షరాలా నిజం. దానికి ఒకటి చేరుస్తాను. అక్కడ పనిచేసే మనిషికి జీతం ఉండాలి. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులను, నకళ్లు రాసే రాయసగాళ్లను పెట్టుకుని, సొంత డబ్బు జీతాలుగా ఇచ్చి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. చెదలు తినవలసిన కావ్యాలు అలా దక్కాయి. ఆ బంగళా ఉన్న చోటే నేటి బ్రౌన్ గ్రంథాలయం. దాని మెట్లు ఎక్కినప్పుడల్లా నాకు ఆ రాయసగాళ్లే గుర్తుకొస్తారు. వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగింది కాబట్టే ఆ పని సాగింది. మీరూ సాయంత్రం తలుపు తీసి, ఊడ్చి, లెక్క రాసే మనిషికి నెలకు ఇంత అని ఇవ్వండి. అందరూ ఉత్సాహంతో చేస్తారులే అనుకుంటే మూడో నెలకు తాళం పడుతుంది.

ఊరు చిన్నదని వెనకాడకండి. కర్ణాటకలో హెగ్గోడు వక్కతోటల మధ్య చిన్న పల్లె. అక్కడ 1949లో మొదలైన నీనాసం అనే నాటక సంస్థ నేటికీ నటులను తయారుచేస్తోంది.

జవాబు: ధర్మవరం నుంచి

అక్కా, మా పక్కనే తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట. అక్కడ ప్రత్యేకంగా కళాకేంద్రం అక్కర్లేదు, ఇళ్లే పనిశాలలు. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగించి ఆరబెడితే వెలుతురు ఇవతలికి వచ్చేంత పలచన అవుతుంది. తర్వాత ఉలితో చిల్లులు కొడతారు. చేతిలో ఉన్నంతసేపు అవి ఉత్త కన్నాలు. వెనక దీపం పెడితే సీతమ్మ మెడలో నగలు.

ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి ల్యాంప్‌షేడ్లు. వాటి వల్లే కుటుంబాలు నిలబడ్డాయి, అందుకు సంతోషమే. కానీ ఆట ఆడే రాత్రులు తగ్గిపోయాయి. తోలుబొమ్మలాటలో నవ్వించే బంగారక్క, కేతిగాడు మాట్లాడుకునే మాటలు పిల్లల చెవిన పడటం లేదు. మీ మిల్లును అమ్మకాల దుకాణంగా మాత్రం చేయకండి. నెలకో రాత్రి వాకిట్లో తెల్లతెర కట్టించండి. పారితోషికం ముందే మాట్లాడుకోండి.

అడిగినవారు: డ్రాయింగ్ టీచర్, అనంతపురం

అందరికీ నమస్కారం. కుర్చీల ఆలోచన మానేశాను. బాత్‌రూమ్‌కు మేస్త్రీని పిలిపించాను, కాటా పక్క మూలలో ముగ్గు పోసి కొలతలు చూపించాను. మిల్లులో నాన్న దగ్గర హమాలీగా పనిచేసిన పెద్దాయన సాయంత్రాలు తలుపు తీయడానికి ఒప్పుకున్నారు. జీతం ఎంతో ఆయన్నే చెప్పమన్నాను. గురువారం నుంచి ఉరుముల వాళ్లు వస్తున్నారు. హార్మోనిస్టు గారూ, మీ నాటకం రిహార్సల్ ఎప్పుడు మొదలవుతుందో చెప్పండి, అప్పటికి ఫ్యాన్లు పెట్టిస్తాను.